ఆసుపత్రికి మార్కులు వేసేది ఎవరు?

మన ఏజెన్సీలో కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల గోడల మీద ఇప్పుడు అద్దం బిగించిన సర్టిఫికెట్లు కనిపిస్తున్నాయి. జాతీయ నాణ్యతా ప్రమాణాల గుర్తింపు వచ్చిందని ఒకటి, కాయకల్ప అవార్డు వచ్చిందని ఇంకొకటి. వచ్చిన రోజు పేపర్లో ఫోటో పడుతుంది. అధికారులు శాలువా కప్పుతారు. ఆ ఆసుపత్రికి జ్వరంతో, నొప్పులతో వెళ్లే మన గూడెం మనిషికి మాత్రం ఆ సర్టిఫికెట్ ఏం చెబుతున్నదో తెలియదు. దాన్ని ఎవరు ఇచ్చారు, ఏం చూసి ఇచ్చారు, ఎన్ని మార్కులకు ఎన్ని వచ్చాయి అన్నది అతనికి ఎవరూ చెప్పలేదు.

మేము ఉపాధ్యాయులం. మార్కుల సంగతి మాకు బాగా తెలుసు. ప్రశ్నపత్రం ఎట్లా ఉంటే పిల్లల తెలివి అట్లా కనిపిస్తుంది. తన భాషలో లేని ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయిన గోండు పిల్లను, సవర పిల్లవాడిని మొద్దు అని పక్కన కూర్చోబెట్టిన బడులను మనం చూశాం. తప్పు పిల్లలది కాదు, ప్రశ్నపత్రానిది అని చెప్పడానికి మనకు చాలా ఏళ్లు పట్టింది. ఆసుపత్రికి మార్కులు వేసే ప్రశ్నపత్రాన్ని కూడా అదే కన్నుతో చదవాలి. ఈ వ్యాసంలో మేము డాక్టరును, నర్సును తిట్టబోవడం లేదు. కొలిచే కొలతనే ఒకసారి కొలిచి చూద్దాం అంటున్నాం.

కొలత ఎట్లా తయారైంది

మంచి వైద్యం అంటే ఏమిటి అన్న ప్రశ్న కొత్తది కాదు. 1966లో ఆవెడిస్ డోనబేడియన్ అనే వైద్యాచార్యుడు దానికి మూడు చోట్ల జవాబు వెతకాలన్నాడు. ఆసుపత్రిలో ఏమేం ఉన్నాయి? అక్కడ పని ఎట్లా జరుగుతున్నది? చివరికి రోగికి ఏమైంది? దీన్ని బడికి అన్వయిస్తే మనకు తేలిగ్గా అర్థమవుతుంది. గదులు, టీచర్లు ఉండటం మొదటిది. పాఠం చెప్పే తీరు రెండోది. పిల్లవాడికి చదవడం వచ్చిందా లేదా అన్నది మూడోది. మొదటిది బాగుంటే మూడోది దానంతట అదే బాగుంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

1999లో అమెరికాలో ఒక నివేదిక వచ్చింది. అక్కడి ఆసుపత్రుల్లో వైద్యంలో జరిగే పొరపాట్ల వల్లనే ఏడాదికి 44,000 నుంచి 98,000 మంది దాకా చనిపోతున్నారని అది అంచనా వేసింది. అంత డబ్బున్న దేశంలోనే ఇది పరిస్థితి. అప్పటి నుంచి నాణ్యతతో పాటు భద్రత అనే మాట కూడా ప్రపంచమంతా గట్టిగా వినిపించసాగింది. జబ్బుతో వెళ్లిన మనిషికి ఆసుపత్రి కొత్త హాని చేయకూడదు అన్నదే భద్రత. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్లకు 19 అంశాల చిన్న జాబితా ఒకటి ఇచ్చింది. మనిషి అతనేనా, కోయవలసిన చోటు ఇదేనా, ఏ మందు పడదో అడిగారా, లోపల పెట్టిన గుడ్డలు అన్నీ బయటికి వచ్చాయా, ఇట్లాంటివి. 8 నగరాల్లో 8 ఆసుపత్రుల్లో దాన్ని వాడి చూస్తే ఆపరేషన్ తర్వాతి మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయి. అందులో ఢిల్లీ ఆసుపత్రి ఒకటి. ఒక కాగితం, నోరు తెరిచి అడిగే కొన్ని ప్రశ్నలు ప్రాణాలు కాపాడగలవని దీనివల్ల తేలింది. కాబట్టి జాబితాలంటే మనకు చులకన భావం ఉండకూడదు.

మన దేశంలో కేంద్ర ఆరోగ్య శాఖ 2013లో జాతీయ నాణ్యతా ప్రమాణాలు తెచ్చింది. 2015లో శుభ్రతకు కాయకల్ప, 2017లో కాన్పు గదులకు లక్ష్య అనే కార్యక్రమం వచ్చాయి. జాతీయ ప్రమాణాల్లో 8 విభాగాలు ఉన్నాయి. ఏ సేవలు ఉన్నాయి, రోగి హక్కులు, సిబ్బంది-మందులు-పరికరాలు, సహాయక సేవలు, వైద్యం, అంటువ్యాధుల నియంత్రణ, నాణ్యత నిర్వహణ, ఫలితాలు. ఒక్కో అంశానికి 2, 1, 0 మార్కులు. పూర్తిగా ఉంటే 2, సగంసగం ఉంటే 1, లేకపోతే 0. బయటి నుంచి వచ్చిన మదింపుదారులు నాలుగు దారుల్లో చూస్తారు. కళ్లతో చూస్తారు, సిబ్బందిని అడుగుతారు, రికార్డులు చదువుతారు, రోగితో మాట్లాడతారు. 70 శాతం తెచ్చుకోవడం గుర్తింపుకు ముఖ్యమైన షరతు.

ఇది పనికిమాలిన కొలత కాదు. రోగి హక్కులకు ఒక విభాగం పూర్తిగా కేటాయించడం గొప్ప విషయం. రోగి గౌరవం, గోప్యత, జబ్బు గురించి తెలుసుకునే హక్కు అందులో ఉన్నాయి. సంస్కృతి వల్లగానీ పేదరికం వల్లగానీ ఎవరికీ అడ్డంకి ఉండకూడదని కూడా అందులో రాసి ఉంది. కాగితం మీద ఇంత మంచి మాట ఉన్నప్పుడు మనం దాన్ని పట్టుకోవాలి. అయితే ఆ మాట మన కొండ మీదికి వచ్చేసరికి ఏమవుతున్నదో కూడా చూడాలి.

స్థానిక భాష అంటే ఏ భాష?

బోర్డులు స్థానిక భాషలో ఉన్నాయా అని ఆ ప్రమాణాలు అడుగుతాయి. తెలుగులో ఉంటే మార్కులు పడతాయి. ఉట్నూరులో స్థానిక భాష తెలుగేనా? గోండి, కొలామి కాదా? సీతంపేటలో సవర కాదా? పాడేరు కొండల్లో కువి, ఆదివాసీ ఒడియా కాదా? చదువు రాని అవ్వకు ఏ లిపిలో రాసినా ఒకటే కదా అని కొందరు అంటారు. నిజమే. అందుకే బోర్డు కన్నా ముందు నోటి మాట ముఖ్యం. కాన్పు గదిలో నొప్పులు పడుతున్న పదిహేడో పద్దెనిమిదో ఏళ్ల కువి అమ్మాయికి ఊపిరి బిగపట్టు, ఇప్పుడు వద్దు, ఇప్పుడు నొక్కు అని ఎవరు, ఏ భాషలో చెబుతున్నారు? ఆమె చెప్పేది ఎవరికి అర్థమవుతున్నది?

రోగితో మాట్లాడటం నాలుగు దారుల్లో ఒకటి అన్నాం. ఆ మాట తెలుగులో అడిగితే మనవాళ్లు ఏమంటారో మనకు తెలుసు. అన్నిటికీ తల ఊపుతారు. బాగుందా అంటే బాగుంది సార్ అంటారు. పెద్ద అధికారి ముందు, తెల్ల కోటు ముందు, పరాయి భాషలో మనిషి ఫిర్యాదు చేయడు. ఆ తల ఊపుడుకు రెండు మార్కులు పడతాయి. ఫోన్‌లో అభిప్రాయం చెప్పే పద్ధతి కూడా పెట్టారు. 2016లో మేరా అస్పతాల్ అని మొదలుపెట్టారు. ఆసుపత్రికి వెళ్లి వచ్చాక ఫోన్‌కు సందేశం వస్తుంది, లేదా కాల్ వస్తుంది. సిగ్నల్ లేని ఊరికి, ఇంట్లో ఫోన్ లేని ఆడమనిషికి ఆ కాల్ రాదు. అంటే ఏ ఊళ్ల అభిప్రాయం అత్యవసరమో ఆ ఊళ్లే లెక్కలోకి రావు.

అంగీకార పత్రం మీద వేలిముద్ర సంగతి ఇంతకన్నా పెద్దది. వేలిముద్ర ఉంటే రికార్డు పూర్తి అయినట్టే. మనిషికి అర్థమైందా లేదా అని ఆ ముద్ర చెప్పదు. 2014 నవంబరు 8న ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర కుటుంబ నియంత్రణ శిబిరంలో ఏం జరిగిందో మన యువతకు తెలియాలి. వాడుకలో లేని ఒక ప్రైవేటు ఆసుపత్రి భవనంలో ఒకే సర్జన్ కొన్ని గంటల్లో 83 మంది స్త్రీలకు ఆపరేషన్లు చేశాడు. ఒక రోజులో 30కి మించి చేయకూడదని ప్రభుత్వ నియమమే ఉంది. ఆ రోజుల్లో ఆ జిల్లాలో జరిగిన శిబిరాల్లో ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలలో 13 మంది చనిపోయారు. వాళ్లంతా పేద ఇళ్ల ఆడవాళ్లు. 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇట్లాంటి శిబిరాలను మూడేళ్లలో ఆపెయ్యాలని తీర్పు ఇచ్చింది. నియమం లేక ఆ ప్రాణాలు పోలేదు. నియమం ఉంది, జాబితా ఉంది. దాన్ని పాటించకపోతే అడగగల మనిషి ఆ గదిలో లేడు. టార్గెట్ మాత్రం ఉంది.

పేరు అడగడం కూడా వైద్యమే

భద్రతలో మొదటి పాఠం రోగిని గుర్తు పట్టడం. ఒక్క పేరుతో కాక కనీసం రెండు గుర్తులతో మనిషిని పోల్చుకున్న తర్వాతే సూది వేయాలి, రక్తం ఎక్కించాలి. పట్నంలో ఇది చిన్న నియమంలా కనిపిస్తుంది. మన దగ్గర ఇది ప్రాణం మీది మాట. ఒక గూడేనికి వెళితే అందరూ మడావులు, ఇంకో గూడెంలో అందరూ ఆత్రంలు. పాడేరు వైపు కొర్రా, పాంగి, వంతల. మా హాజరు పట్టికల్లోనే ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు ఒక్కో తరగతిలో ముగ్గురు ఉంటారు.

ఆశ్రమ పాఠశాల నుంచి జ్వరాల పిల్లలను తీసుకెళ్లినప్పుడు ఒక ఆసుపత్రిలో సిస్టరమ్మ పేరు పిలిస్తే ఇద్దరు పిల్లలు లేచి నిలబడ్డారు. ఆమె చేతిలో సూది ఉంది. ఓపీ ముందు వంద మంది ఉన్నారు. అయినా ఆమె ఆగింది. తండ్రి పేరు అడిగింది, ఊరు అడిగింది, చీటీ మళ్లీ చూసింది, ఆ తర్వాతే వేసింది. ఆ ఆసుపత్రి గోడ మీద ఏ సర్టిఫికెట్టూ లేదు. నాణ్యత అంటే మేము చూసినంతలో అదే. ఆ ఒక్క నిమిషం ఆగడానికి ఆ సిస్టరమ్మకు వీలు ఉండాలి. ముగ్గురు చేయవలసిన పని ఒకరితో చేయిస్తే రేపు ఆమె ఆగలేదు. అప్పుడు పొరపాటు జరిగితే ఆమెను సస్పెండ్ చేస్తారు, ఖాళీ పోస్టులు మాత్రం ఖాళీగానే ఉంటాయి. ఒకరిని బలిపెట్టే చోట మిగతావాళ్లు పొరపాట్లను దాచడం నేర్చుకుంటారు. దాచిన పొరపాటు మళ్లీ జరుగుతుంది. అందుకే సిబ్బంది మీద చేయి చేసుకోవడం, వీడియోలు తీసి బెదిరించడం మన దారి కాకూడదు. ఆ సిబ్బందిలో ఏఎన్ఎంలుగా, నర్సులుగా, ఆశా కార్యకర్తలుగా మన ఇంటి ఆడపిల్లలే ఎందరో ఉన్నారు.

గేటు బయట జరిగేది ఎవరి లెక్క?

ఆసుపత్రి మదింపు గేటు లోపల మొదలై గేటు లోపలే ముగుస్తుంది. మనవాళ్ల చావులు ఎక్కువగా గేటు బయట మొదలవుతాయి. తల్లుల మరణాలకు మూడు ఆలస్యాలు కారణమని 1994లో ఇద్దరు పరిశోధకులు చెప్పిన మాట ఇప్పటికీ నిలబడి ఉంది. వెళ్లాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, చేరుకోవడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. ప్రమాణాలు మూడోదాన్నే చూస్తాయి. డోలీలో నాలుగు గంటలు మోసుకొచ్చిన గర్భిణి ఆసుపత్రికి వచ్చేసరికి ప్రాణం పోతే ఆ చావు ఆ ఆసుపత్రి లెక్కలోకి రాదు. మైదానంలో 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, గిరిజన, కొండ ప్రాంతాల్లో 20,000 మందికి ఒకటి అని నియమం పెట్టారు. మంచిదే. కానీ తలలు లెక్కపెట్టారు, వాగులు లెక్కపెట్టలేదు.

పైకి రాయడం సంగతి కూడా అంతే. కాన్పు కష్టమైతే రిమ్స్‌కో, ఎంజీఎంకో, కేజీహెచ్‌కో రాస్తారు. చాలాసార్లు అది సరైన నిర్ణయమే. మత్తు డాక్టరు లేని చోట, రక్తం లేని చోట ఉంచుకోవడమే ప్రమాదం. కానీ దారిలో ఆమె చనిపోతే రాసిన ఆసుపత్రిలో మరణం లేదు, చేరని ఆసుపత్రిలోనూ లేదు. మరణాల సంఖ్య తక్కువగా ఉన్న ఆసుపత్రిని మంచి ఆసుపత్రి అనే ముందు అది ఎంతమందిని పైకి రాసింది, వాళ్లలో ఎందరు బతికి ఇంటికి వచ్చారు అని అడగాలి. ఈ లెక్కను పూర్తి చేయగలిగింది ఊళ్లో ఉన్నవాళ్లే. తిరిగి రానివాళ్లు ఎవరో ఊరికి తెలుసు.

ఇంకో లెక్క ఉంది. వైద్యుల సలహాకు వ్యతిరేకంగా వెళ్లిపోయారు అని రికార్డులో రాస్తారు. జాతీయ ప్రమాణాల్లో ఈ సంఖ్యను సేవల నాణ్యతకు గుర్తుగా తీసుకుంటారు. అంటే రోగి వెళ్లిపోతే ఆసుపత్రి తనను తాను ప్రశ్నించుకోవాలని దాని ఉద్దేశం. మన దగ్గర మాత్రం ఇది మనవాళ్ల మీద నేరంలా మారింది. ట్రైబల్స్ ఉండరండీ, పారిపోతారండీ అంటారు. ఎందుకు వెళ్లిపోయారు? తోడు వచ్చినవాళ్లకు పడుకోవడానికి చోటు లేదు. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు. పోడులో పంట మీద పందులు పడుతున్నాయి. చనిపోతే శవాన్ని కొండకు తెచ్చుకోవడానికి బండి దొరకదన్న భయం ఉంది. ఈ కారణాలు రాసుకోవడానికి ఆ రిజిస్టరులో గడి లేదు. అలవాటుగా పారిపోతారు అన్న ఒక్క మాట ఆ గడులన్నీ నింపేస్తున్నది.

మన జబ్బులు జాబితాలో ఎక్కడ?

కేంద్ర ఆరోగ్య, గిరిజన మంత్రిత్వ శాఖలు కలిసి 2013లో వేసిన డాక్టర్ అభయ్ బంగ్ కమిటీ 2018లో నివేదిక ఇచ్చింది. దేశ జనాభాలో మనం నూటికి 9 మందికి లోపే. మలేరియా చావుల్లో మాత్రం సగం దాకా మనవే అని అది చెప్పింది. అట్లాంటప్పుడు మన ప్రాంతపు ఆసుపత్రిని కొలిచేటప్పుడు మలేరియా వైద్యం సురక్షితంగా ఉందా అన్నది మొదటి ప్రశ్న కావాలి. వైవాక్స్ మలేరియాకు 14 రోజులు ప్రైమాక్విన్ ఇస్తారు. గర్భిణులకు, పసిపిల్లలకు ఇవ్వకూడదు. జి6పిడి అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లకు ఆ మందు రక్తకణాలను పగలగొడుతుంది. మూత్రం నల్ల టీ రంగులోకి మారుతుంది. ఆ లోపం మన తెగల్లో కనిపిస్తుంది. బిళ్లలు చేతిలో పెట్టేటప్పుడు మూత్రం రంగు మారితే ఆపి వెంటనే రమ్మని అర్థమయ్యే భాషలో చెప్పారా? మాత్రలు ఎన్ని పంచారో రిజిస్టరు చెబుతుంది. ఈ మాట చెప్పారో లేదో చెప్పదు.

సికిల్‌సెల్ కూడా అంతే. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ కార్యక్రమం మొదలైంది. 40 ఏళ్ల లోపు వయసున్న 7 కోట్ల మందికి పరీక్షలు లక్ష్యంగా పెట్టారు, కార్డులు ఇస్తున్నారు. ఆ కార్డు ఉన్న పిల్లవాడు ఎముకలు విరిగినట్టు నొప్పితో అర్ధరాత్రి వస్తే ఏం జరుగుతుంది అన్నది అసలు పరీక్ష. వచ్చిన గంటలోపు నొప్పికి మందు అందాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. బడి ఎగ్గొట్టడానికి నటిస్తున్నాడని అనుకుంటే ఆ కార్డు ఎందుకు? ఇది ఆసుపత్రికే కాదు, మా హాస్టళ్లకు కూడా వర్తించే ప్రశ్న.

తనిఖీ రోజు, మామూలు రోజు

తనిఖీ రోజు బడి ఎట్లా ఉంటుందో మనకు కొత్తగా చెప్పనక్కర లేదు. ముగ్గులు, కొత్త చార్టులు, ముందు బెంచీలో చదివే పిల్లలు. ఆసుపత్రి కూడా ప్రభుత్వ సంస్థే. ముందుగా తేదీ చెప్పి వస్తే కొత్త దుప్పట్లు బయటికి రావడంలో ఆశ్చర్యం లేదు. ఏజెన్సీ ఆసుపత్రిని నిజంగా చూడాలంటే సంత రోజు చూడాలి. ఊళ్లన్నీ ఆ రోజే దిగుతాయి. వానాకాలంలో, జ్వరాలు ముదిరి వాగులు పొంగే నెలల్లో చూడాలి. ఆదివారం రాత్రి రెండు గంటలకు చూడాలి. ఆ గంటలో డ్యూటీలో ఉన్న ఒక్క సిస్టరు దగ్గర ఏ మందులు ఉన్నాయి, కరెంటు పోతే ఏం చేస్తుంది, డాక్టరు ఎంతసేపట్లో వస్తాడు అన్న మూడు ప్రశ్నలు చాలు.

అడిగే హక్కు మనకుంది

ఇదంతా ఎవరో వచ్చి మార్చాలని మేము రాయడం లేదు. 1996 పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో సామాజిక రంగ సంస్థల మీద, వాటి ఉద్యోగుల మీద నియంత్రణ అధికారాన్ని గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీకి ఇవ్వాలని చెప్పింది. బడి, ఆసుపత్రి రెండూ సామాజిక రంగ సంస్థలే. అంటే ఆసుపత్రికి మార్కులు వేసే బల్ల మీద మన గ్రామసభకు చట్టం ఒక కుర్చీ వేసింది. ఆ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. వైద్య రికార్డుల నకలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలో ఉంది. ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ సమావేశాలు ఎప్పుడు జరిగాయి, ఏ డబ్బు దేనికి ఖర్చయింది అని దాని కింద అడగవచ్చు.

యువతకు, తోటి ఉపాధ్యాయులకు మా ప్రతిపాదన చిన్నది. ఏడాదికి రెండుసార్లు, ఒకసారి వానాకాలంలో, గ్రామసభలో ఈ ప్రశ్నలు పెట్టండి. మన భాషలో మాట్లాడే మనిషి రాత్రి కూడా ఆసుపత్రిలో ఉన్నారా? సూదికి ముందు పేరుతో పాటు ఊరు, తండ్రి పేరు అడుగుతున్నారా? ఏ మందు ఎందుకు ఇచ్చారో చెప్పారా? కాన్పు సమయంలో తిట్టారా, కొట్టారా? తోడు ఉండనిచ్చారా? డబ్బు అడిగారా? పైకి రాసినవాళ్లు ఎందరు, ఇంటికి చేరినవాళ్లు ఎందరు? మధ్యలో వచ్చేసినవాళ్లు ఎందుకు వచ్చేశారు? మంచి జరిగితే అది కూడా రాయండి, పేరు పెట్టి మెచ్చుకోండి. హాని జరిగితే మనిషిని కాకుండా ముందు కారణాన్ని రాయండి. ఇవి మన భాషల్లోనే అడగండి, జవాబులు తెలుగులో రాయండి. ఒక కాపీ ఆసుపత్రి సూపరింటెండెంట్‌కు, ఒకటి ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. పదో తరగతి పిల్లలు లెక్కల్లో శాతాలు నేర్చుకుంటున్నారు. ఈ జవాబుల మీద ఆ శాతాలు కట్టించండి.

ప్రభుత్వం ఇచ్చే సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. దాన్ని మనం చింపనక్కర లేదు. దాని పక్కన మన గ్రామసభ ఇచ్చిన కాగితం కూడా ఒకటి ఉండాలి. రెండిట్లో మార్కులు ఒకటే అయితే ఆ ఆసుపత్రి మంచిది. తేడా ఉంటే, ఆ తేడా ఎక్కడ ఉన్నదో అక్కడి నుంచి పని మొదలుపెట్టాలి.